కదిలే జాబితా, నిలిచే గుర్తు: మొబైల్ తెరపై ఎంపికను చూపే విధానం - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మొబైల్ యాప్‌లలో పైకీ కిందికీ జరిగే జాబితాలో ఒక వరుసను తాకితే దాని రంగు మారుతుంది. ఈ మార్పునే హైలైట్ అంటున్నాం. దీనిని కంటికింపు కోసం చేసే అలంకారంగా భావించడం పరిపాటి. హైలైట్ కేవలాలంకారం కాదనీ, "మీరు ఎంచుకున్నది దీనినే" అని చెప్పే ఒక వాక్యమనీ, వాక్యానికి ఉన్నట్లే దానికీ సత్యాసత్యాలు ఉంటాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గుర్తును వరుసకో స్థానానికో కాక వస్తువుకు కట్టినప్పుడే ఆ వాక్యం సత్యమవుతుందని, ఆండ్రాయిడ్ జాబితాల నిర్మాణాన్నీ తెలుగు గ్రంథపరిష్కరణ అనుభవాన్నీ పక్కపక్కన ఉంచి చూపడం ఈ వ్యాసోద్దేశం. తెలుగు లిపిలోనూ తెలుగు మాటలోనూ ఆ గుర్తు ఎలా ఉండాలన్నది కూడా ఇందులో చర్చించబడుతుంది.

కీలకపదాలు: జాబితా, ఎంపిక, హైలైట్, గుర్తింపు, రీసైక్లర్‌వ్యూ, పాఠభేదం, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం:

నాది తెలుగు బోధించే వృత్తి. యాప్‌ల నిర్మాణం నా శాస్త్రం కాదు. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక హాజరుపట్టిక.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట డిగ్రీ తరగతుల హాజరు వేయడానికి ఒక యాప్ ఇచ్చారు. తరగతిలో అరవైకి పైగా పేర్లు. తెరపై ఒకసారికి పన్నెండు పేర్లు కనిపిస్తాయి. అందరూ వచ్చినట్లే యాప్ మొదట భావిస్తుంది. రాని వారి పేరును తాకితే ఆ వరుస ఎర్రబడుతుంది. ఒకనాడు మూడో పేరును తాకి జాబితాను కిందికి జరిపాను. నేను తాకని పేరు ఒకటి ఎర్రగా కనిపించింది. వేలు పొరపాటున తగిలిందేమోననుకుని ఆ పేరును మళ్లీ తాకాను. ఎరుపు పోయింది. పట్టికను సమర్పించాను.

నెలాఖరున ఒక విద్యార్థిని వచ్చి, ఆ రోజు తాను తరగతిలోనే ఉన్నాననీ, యాప్‌లో మాత్రం రానట్లు ఉందనీ చెప్పింది. ఆమె మాట నిజం. ఆ రోజు పాఠంలోని పద్యాన్ని నేను చదివించింది ఆమె చేతనే. హాజరు శాతం తగ్గితే పరీక్ష రాసే అర్హతే పోతుంది కనుక ఆమె భయపడడంలో అర్థముంది. ఒక ఉత్తరంతో ఆ నమోదును సరిచేయించగలిగాం. అయితే ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం నా వద్ద జవాబు లేకపోయింది: "తెర మీద ఎరుపు లేనప్పుడు లోపల ఎలా పడింది?"

ఆ యాప్ లోపలి రచనను నేను చూడలేదు. కాని ఆ ప్రశ్న వల్ల జాబితాల నిర్మాణం గురించి చదివి, అరవై పేర్లతో ఒక చిన్న జాబితాను స్వయంగా తయారుచేసి చూశాను. అచ్చంగా అదే దోషం నా జాబితాలోనూ పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలుసుకునే క్రమంలో, ఇది యంత్రశాస్త్రానికి మాత్రమే చెందిన సమస్య కాదనీ, ప్రతులను పరిష్కరించేవారు ఎప్పటినుంచో ఎదుర్కొంటున్న సమస్యేననీ అర్థమైంది.

2. జాబితా లోపలి వ్యవస్థ:

వెయ్యి పేర్ల జాబితాకు ఫోను వెయ్యి వరుసలను తయారుచేయదు. అలా చేస్తే జ్ఞాపకస్థలం చాలదు, తెర నత్తనడక నడుస్తుంది. తెరపై పట్టే పన్నెండు వరుసలనూ, వాటికి తోడు మరికొన్నింటినీ మాత్రమే తయారుచేసుకుంటుంది. జాబితాను జరిపినప్పుడు పైనుంచి బయటికి వెళ్లిన వరుసను కిందికి తెచ్చి, అందులో పాత పేరు తుడిచి కొత్త పేరు రాస్తుంది. 2008లో బయటి ప్రోగ్రామర్లకు అందిన ఐఫోన్ ఉపకరణాలలోని పట్టికలోనూ, ఆండ్రాయిడ్ తొలినాటి లిస్ట్‌వ్యూలోనూ, 2014లో గూగుల్ ప్రకటించిన రీసైక్లర్‌వ్యూలోనూ ఉన్నది ఈ పునర్వినియోగమే. చివరిదానికి ఆ పేరే అందుకు వచ్చింది.

పెళ్లింట బంతిభోజనాలను తలచుకుంటే ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. అతిథులు ఐదువందల మంది, కుర్చీలు యాభై. ఒక బంతి లేచాక అవే కుర్చీలలో మరో బంతి కూర్చుంటుంది. మొదటి బంతిలో మధుమేహం ఉన్న పెద్దాయనకు తీపి వడ్డించవద్దని ఆయన కుర్చీకి ఒక ఎర్రదారం కట్టారనుకుందాం. ఆయన లేచాక ఆ దారం విప్పకపోతే, రెండో బంతిలో ఆ కుర్చీలో కూర్చున్న పిల్లవాడికి లడ్డు అందదు. వడ్డించేవాడి తప్పు ఇందులో లేదు. మనిషికి కట్టవలసిన గుర్తును కుర్చీకి కట్టడమే తప్పు.

నా జాబితాలో జరిగినది ఇదే. పేరును తాకగానే వరుసకు ఎర్రరంగు వేయమని రాశాను. ఆ వరుస మరొక పేరుకు వెళ్లినప్పుడు రంగు తీసేయమని రాయలేదు. మూడో పేరుకు వేసిన రంగు వరుసతోపాటు ప్రయాణించి పదిహేడో పేరు మీద తేలింది. ఇక్కడితో ఆగితే అది కంటికి కనిపించే పొరపాటు మాత్రమే. అసలు ప్రమాదం తర్వాతి తాకిడిలో ఉంది. లోపలి పట్టికలో పదిహేడో పేరు గైర్హాజరుగా లేదు. నేను తాకగానే, లేని పేరు కనుక లోపల చేరింది. అదే క్షణంలో తెరపై ఎర్రగా ఉన్న వరుస తెల్లబడింది. అంటే సరిచేశానని నేను నమ్మిన చర్యే తప్పును నమోదు చేసింది. తెర ఒకటి చెబుతుండగా పట్టిక మరొకటి రాసుకుంది. ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఇదే.

3. గుర్తు దేనికి కట్టాలి?

పై దోషానికి ప్రోగ్రామర్లు వెంటనే చెప్పే పరిష్కారం ఒకటుంది. వరుసలో పేరు రాసే ప్రతిసారీ ఆ పేరు ఎంపికైందా లేదా చూసి, ఐతే ఎరుపు, కాకపోతే తెలుపు, రెండింటిలో ఒకదాన్ని తప్పక వేయాలి. ఇది సరైనదే. కాని "ఎంపికైందా" అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడినుంచి వస్తుంది? చాలా యాప్‌లలో అది స్థానసంఖ్య నుంచి వస్తుంది. "3వ స్థానం ఎంపికైంది" అని రాసుకుంటారు. కుర్చీకి కట్టిన దారాన్ని విప్పి, కూర్చున్న క్రమసంఖ్యకు కట్టారన్నమాట.

జాబితా మారనంత వరకు ఈ పద్ధతి పనిచేస్తుంది. అయితే మొబైల్ జాబితా మారకుండా ఉండేది తక్కువ. పేర్లను అకారాదిక్రమంలో అమర్చమని మీట నొక్కినా, వెతుకుపెట్టెలో "రా" అని రాసి జాబితాను కుదించినా, పైన కొత్త సందేశం ఒకటి వచ్చి చేరినా స్థానాలన్నీ మారిపోతాయి. మూడో స్థానం మూడో స్థానంగానే ఉంటుంది. అందులో ఉన్న మనిషి వేరు. ఆ స్థితిలో "ఎంచుకున్నవి తొలగించు" అంటే, ఎంచుకోని వాటిని తొలగించినట్లవుతుంది.

ఒక్కదానినే ఎంచుకోగల జాబితాలలోనూ స్థానసంఖ్య మరో చిక్కు తెస్తుంది. కొత్త వరుసకు రంగు వేయడంతోపాటు పాత వరుస రంగు తీయాలి. అంటే మారింది ఒక స్థానం కాదు, రెండు స్థానాలని జాబితాకు తెలియజేయాలి. పాతదానిని చెప్పడం మరిచిపోతే తెరపై ఒకేసారి రెండు హైలైట్లు కనిపిస్తాయి. ఈ చిక్కును తప్పించుకోవడానికి కొందరు ప్రతి తాకిడికీ జాబితానంతా మళ్లీ రాయిస్తారు. ఫలితం సరిగానే వస్తుంది కాని, ఒక అక్షరదోషానికి పుస్తకమంతా తిరిగి అచ్చువేసినట్లు ఉంటుంది.

మూడో మార్గం, వస్తువుకే గుర్తు కట్టడం. ప్రతి విద్యార్థికీ హాల్‌టికెట్ సంఖ్య ఉన్నట్లు, జాబితాలోని ప్రతి వస్తువుకూ దానిని ఎన్నడూ విడువని గుర్తింపు ఒకటి ఉండాలి. ఎంపికైన వాటి సమూహంలో ఆ గుర్తింపులనే భద్రపరచాలి. వరుసలో ఎవరి పేరు రాస్తున్నామో వారి గుర్తింపు ఆ సమూహంలో ఉందో లేదో చూసి రంగు వేయాలి. అప్పుడు జాబితా జరిగినా, క్రమం మారినా, కుదించుకున్నా గుర్తు మనిషి వెంటే నడుస్తుంది.

తెలుగులో "గుర్తు" అన్న మాటకు చిహ్నమనీ జ్ఞాపకమనీ రెండు అర్థాలున్నాయి. దాని నుంచి పుట్టిన "గుర్తింపు" ఫలానా అని పోల్చుకోవడాన్ని తెలుపుతుంది. జాబితా విషయంలో ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవే. తెరపై చిహ్నం లోపలి జ్ఞాపకం నుంచి రావాలి. ఆ జ్ఞాపకం గుర్తింపును ఆశ్రయించాలి. గుర్తింపు లేని జ్ఞాపకం స్థానాన్ని నమ్ముకుంటుంది. జ్ఞాపకం లేని చిహ్నం వరుసను నమ్ముకుంటుంది.

4. గ్రంథపరిష్కరణ చెప్పే పాఠం:

ఇది తెలుగు పరిశోధకులకు పరిచితమైన సమస్య. సి.పి. బ్రౌన్ 1829లో ప్రకటించిన వేమన పద్యాల సంపుటిలో 693 పద్యాలున్నాయి. 1839 నాటి సంపుటిలో అవి 1164 అయ్యాయి. పాత సంపుటి చూసి "ఫలానా సంఖ్య గల పద్యం" అని రాసుకున్నవారు ఆ సంఖ్యతో కొత్త సంపుటిని తెరిస్తే అదే పద్యం దొరుకుతుందన్న భరోసా లేదు. సంఖ్య చెప్పేది ఆ సంపుటిలో పద్యం కూర్చున్న చోటును; పద్యాన్ని కాదు. అందుకే సంపాదకులు గ్రంథాంతంలో పద్యాల అకారాదిసూచికను చేరుస్తారు. పద్యపు మొదటి మాటలు ఏ సంపుటికి వెళ్లినా పద్యం వెంటే వస్తాయి.

తాళపత్రగ్రంథాలలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది. ఆకు సంఖ్యను ఆకు అంచునే వేస్తారు. దారం తెగి ఆకులు చెల్లాచెదురైనా తిరిగి కూర్చడం సాధ్యమయ్యేది సంఖ్య ఆకుతోపాటు ఉండడం వల్లనే. కట్టలో పైనుంచి ఎన్నో ఆకు అన్న లెక్క మీదనే ఆధారపడి ఉంటే, ఒక ఆకు పోయినప్పుడు ఆ తర్వాతి ఆకులన్నిటి లెక్కా తప్పేది.

అయితే పద్యపు మొదటి మాటలే గుర్తింపు అనుకుంటే పాఠభేదాలు అడ్డువస్తాయి. ఒక ప్రతిలో మొదటి మాటే వేరుగా ఉండవచ్చు. అప్పుడు పరిష్కర్త రెండు ప్రశ్నలు వేసుకుంటాడు: ఇది అదే పద్యమా? అదే పద్యమైతే, అదే పాఠమా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తే అది పాఠభేదం. కొత్త పద్యం కాదు. 2016లో ఆండ్రాయిడ్ ఉపకరణాలలో చేరిన డిఫ్‌యుటిల్ పాత జాబితానూ కొత్త జాబితానూ పోల్చేటప్పుడు ప్రోగ్రామర్‌ను అడిగేవి సరిగ్గా ఈ రెండు ప్రశ్నలే. ఇవి రెండూ ఒకే వస్తువా అన్నది మొదటిది. వీటిలోని విషయం ఒకటేనా అన్నది రెండోది. విద్యార్థి పేరులోని అక్షరదోషాన్ని దిద్దితే విషయం మారుతుంది, మనిషి మారడు. ఎంపిక గుర్తు నిలవాలి. ఒకే పేరు గల ఇద్దరు విద్యార్థులుంటే పేరు ఒకటే, మనుషులు వేరు. ఒకరిపై ఉన్న గుర్తు మరొకరిపై పడకూడదు. గుర్తింపుగా పేరును వాడకూడదనడానికి కారణం ఇదే.

5. ఉపకరణాల వైఖరి:

దోషాన్ని ప్రోగ్రామర్ల అజాగ్రత్తకే అంటగట్టడం న్యాయం కాదు. చేతికిచ్చిన పనిముట్టు ఏ దారిని సులువు చేస్తుందో పనివాడు ఆ దారినే నడుస్తాడు. రీసైక్లర్‌వ్యూ వరుసను నింపే ఘట్టంలో ప్రోగ్రామర్‌కు అందించేది వరుసనూ స్థానసంఖ్యనూ. వస్తువు గుర్తింపును అతడే వెతికి తెచ్చుకోవాలి. సులువుగా చేతికందినదే జ్ఞాపకంలోకి ఎక్కడం సహజం. వస్తువులకు స్థిరమైన సంఖ్యలున్నాయని ప్రకటించే వీలు అందులో ఉన్నప్పటికీ, సంఖ్య అడిగిన చోట స్థానాన్నే తిరిగి ఇచ్చే రచనలు తరచు కనిపిస్తాయి. పేరు అడిగితే కుర్చీ సంఖ్య చెప్పడం వంటిదది.

ఎంపిక కోసమే ఒక ప్రత్యేక గ్రంథాలయం ఆండ్రాయిడ్‌లో 2018లో వచ్చింది. ఎంపికను స్థానాలతో కాక తాళపుచెవుల వంటి గుర్తింపులతో భద్రపరచడం దాని ప్రత్యేకత. 2021లో స్థిరరూపం పొందిన జెట్‌ప్యాక్ కంపోజ్‌లో జాబితాలోని ప్రతి వస్తువుకూ అటువంటి గుర్తింపును ఇచ్చే ఏర్పాటుంది. కాని ఇవ్వకపోయినా పని సాగుతుంది. అప్పుడు వస్తువు స్థితి దాని స్థానానికే ముడిపడుతుంది. అందులో స్థితిని నిలుపుకునే ప్రమేయం పేరు "రిమెంబర్", అంటే గుర్తుంచుకో. ఎవరిని గుర్తుంచుకోవాలో చెప్పకపోతే అది చోటును గుర్తుంచుకుంటుంది. 2019లో ఆపిల్ తెచ్చిన స్విఫ్ట్‌యూఐ జాబితా ఈ విషయంలో కొంత కఠినంగా ఉంటుంది. వస్తువులను అందించేటప్పుడే వాటి గుర్తింపు ఏదో చూపమంటుంది.

ఈ రెండు వైఖరులలో రెండోదే మేలని నా అభిప్రాయం. గుర్తింపును ఐచ్ఛికం చేయడం వల్ల చిన్న ప్రయోగాలు త్వరగా పూర్తవుతాయి. అయితే ఆ ప్రయోగాలే క్రమంగా హాజరుపట్టికలుగా, మందుల జాబితాలుగా, లబ్ధిదారుల జాబితాలుగా ఎదుగుతాయి. పునాదిలో విడిచిపెట్టినది పైఅంతస్తులో పగులుగా కనిపిస్తుంది.

6. గుర్తు రూపం - తెలుగు లిపి:

గుర్తు సరైన వస్తువుకు కట్టబడిన తర్వాత అది చదువరికి తెలిసేలా ఉండాలి. ఆండ్రాయిడ్ ఒక వరుసకు నొక్కబడిన, చూపు నిలిచిన, ఎంపికైన, క్రియాశీలమైన, టిక్కు పడిన స్థితులను వేరువేరుగా లెక్కిస్తుంది. వేలు ఆనించినంతసేపు ఉండి పోయే రంగు వేరు, ఎంపికకు సాక్ష్యంగా నిలిచే రంగు వేరు. ఈ రెండింటికీ ఒకే ఛాయ వాడే యాప్‌లలో తాను ఎంచుకున్నాడో, ఊరికే తాకాడో వాడుకరికి తెలియదు.

రంగు ఒక్కటే గుర్తుగా ఉండడం మరో లోపం. వెబ్ సౌలభ్య మార్గదర్శకాల 2.1 సంచిక 2018లో వెలువడింది. సమాచారాన్ని తెలపడానికి రంగు ఒక్కటే ఆధారం కాకూడదనీ, స్థితిని తెలిపే ఆకృతికీ దాని పరిసరానికీ కనీసం 3:1 వర్ణభేదం ఉండాలనీ, మామూలు పరిమాణపు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ కనీసం 4.5:1 ఉండాలనీ అవి చెబుతున్నాయి. ఎరుపు ఆకుపచ్చల తేడా పోల్చలేని అధ్యాపకుడికి హాజరుపట్టికలోని ఎరుపు ఏమీ చెప్పదు. జీమెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ ఎంచుకున్న వరుసకు రంగుతోపాటు టిక్కు గుర్తు కూడా పడడం ఈ దృష్టితో చూస్తే సమంజసమైన ఏర్పాటు.

తెలుగు లిపికి సంబంధించి ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండున్నాయి. మొదటిది, ఎంపికను చూపడానికి అక్షరాలను లావుచేసే అలవాటు. రోమన్ లిపికి పెద్దక్షరాలూ వాలక్షరాలూ ఉన్నాయి. తెలుగులో పెద్దక్షరాల వ్యవస్థే లేదు; వాలక్షరాలు మన లిపి స్వభావానికి పొసగవు. కనుక మిగిలేది లావుచేయడం. గుండ్రని తెలుగు అక్షరాన్ని లావుచేస్తే లోపలి ఖాళీ పూడుకుపోతుంది. చిన్న పరిమాణంలో "ప, ష", "ఘ, మ" వంటి జంటల తేడాను కన్ను సులువుగా పట్టలేదు. అక్షరాల వెడల్పు కూడా పెరుగుతుంది. అంతవరకు ఒక పంక్తిలో ఇమిడిన పేరు రెండో పంక్తిలోకి జారుతుంది. వరుస ఎత్తు పెరిగి కింది వరుసలన్నీ కదులుతాయి. వాడుకరి తర్వాత తాకబోయిన వరుస వేలి కిందనుంచి జరిగిపోతుంది. ఎంపికను చూపే గుర్తే మరో తప్పు ఎంపికకు కారణమవుతుంది.

రెండోది వరుస ఎత్తు. "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటలలో వత్తులు కిందికి దిగుతాయి; గుడులూ తలకట్లూ పైకి లేస్తాయి. రోమన్ అక్షరాల కొలతతో గీసిన రంగుపట్టీ ఈ మాటల మీద పడినప్పుడు వత్తు పట్టీ బయటికి పోవడమో, సగం తెగిపోవడమో జరుగుతుంది. వత్తు తెగితే గుర్తుపడిన మాటే తప్పు మాట అవుతుంది. అందువల్ల తెలుగు జాబితాలలో అక్షరరూపాన్ని మార్చకుండా, చాలినంత ఎత్తున్న లేతరంగు నేపథ్యంతోపాటు, మొదటినుంచీ చోటు కేటాయించి ఉంచిన టిక్కు గుర్తును వాడడం ఉత్తమం.

7. గుర్తు మాట - కర్త ఎవరు?

చూపు లేనివారికి హైలైట్ మాటగానే అందాలి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆ పని చేస్తుంది. అయితే వరుసకు రంగు మాత్రమే వేసి, అది ఎంపికైందన్న స్థితిని వ్యవస్థకు తెలియజేయకపోతే టాక్‌బ్యాక్‌కు చెప్పడానికి ఏమీ ఉండదు. చూసేవారికి వాక్యం ఉంటుంది. వినేవారికి మౌనం మిగులుతుంది.

చెప్పే మాట కూడా పరీక్షకు నిలవాలి. "ఎంచుకోబడింది", "ఎంపిక చేయబడినవి" వంటి రూపాలు తెలుగు యాప్‌లలో విస్తారంగా కనిపిస్తున్నాయి. "బడు" ప్రయోగం వ్యాకరణసమ్మతమే. ఈ వ్యాసంలోనూ అక్కడక్కడ ఉంది. కాని వాడుక తెలుగులో అది అరుదు. అంతకంటె ముఖ్యం, అది కర్తను దాచుతుంది. "3 పేర్లు ఎంచుకున్నారు" అంటే చేసినవాడు వాడుకరి అని స్పష్టం. యాప్ తనంతట తానే కొన్నింటిని ముందుగా ఎంచి ఉంచితే "ముందుగా ఎంచి ఉంచాం" అనాలి. రెండింటికీ "ఎంచుకోబడింది" అని ఒకే మాట వాడితే బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది. నేను తాకని పేరును నేనే ఎంచుకున్నట్లు చూపిన ఆ ఎరుపు చేసినది కూడా ఇదే.

బహువచనం మరో చిన్న చిక్కు. "పేరు(లు)", "అంశం(లు)" అని కుండలీకరణాలతో సరిపెట్టడం ఆంగ్లంలో నడిచినంత మాత్రాన తెలుగులో నడవదు. పేరుకు బహువచనం పేర్లు, అంశానికి అంశాలు. "లు" చేరినప్పుడు ప్రకృతి కూడా మారుతుంది. ఒకటికీ పలుదానికీ వేరువేరు వాక్యాలు రాసుకునే వీలు ఆండ్రాయిడ్‌లో ఉంది, తెలుగుకు ఆ రెండు భేదాలు గుర్తించబడి ఉన్నాయి. ఆ వీలును వాడుకోవడమే మిగిలింది.

8. కనబడని ఎంపిక:

కాగితం మీది పట్టికకూ తెర మీది జాబితాకూ మౌలికమైన భేదం ఒకటుంది. కాగితం పట్టికలో వేసిన గుర్తులన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. తెరపై జాబితా జరిగితే గుర్తు మరుగున పడుతుంది. ఎంచుకున్న మూడింటిలో ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కింద ఉంటే అవి మూడూ ఒకేసారి కనబడే క్షణం ఎప్పుడూ రాదు. కనుక హైలైట్ ఎంత స్పష్టంగా ఉన్నా ఒంటరిగా చాలదు. ఎన్ని ఎంచుకున్నామో తెర పైభాగాన సంఖ్య నిలిచి ఉండాలి. తిరిగిరాని పని చేసే ముందు, అంటే సమర్పించే ముందు లేదా తొలగించే ముందు, ఎంచుకున్నవాటిని మాత్రమే పేర్లతో చూపి అడగాలి. ఆ పేర్లు తెరపై వరుసల రంగుల నుంచి కాక, లోపలి సమూహం నుంచే రావాలి. నేను వాడిన యాప్ సమర్పణకు ముందు "గైర్హాజరు: 2" అని చూపి ఆ రెండు పేర్లూ చదివించి ఉంటే, ఆ విద్యార్థిని నెలాఖరున నా గదికి రావలసిన అవసరం ఉండేది కాదు.

9. ఆక్షేపణలు - సమాధానాలు:

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. ఐదు వరుసలుండి ఎన్నడూ మారని జాబితాకు ఇంత గుర్తింపు వ్యవస్థ అవసరమా అన్నది మొదటిది. భాషను ఎంచుకునే జాబితా, అక్షరపరిమాణాన్ని ఎంచుకునే జాబితా ఇటువంటివి. అక్కడ స్థానం సరిపోతుందనడంలో సందేహం లేదు. కాని భాషల జాబితాలో ఒక భాష కొత్తగా చేరిన రోజున, భద్రపరచిన "4" అన్న సంఖ్య వేరొక భాషను చూపుతుంది. మారని జాబితా అన్నది నేటి మాట మాత్రమే.

సమర్పించేముందు సరిచూసుకోవలసిన బాధ్యత వాడుకరిదే కదా అన్నది రెండోది. సరిచూసుకోవడానికి నాకున్న ఆధారం తెర ఒక్కటే. సాక్షి అబద్ధం చెప్పినప్పుడు విన్నవాడిని జాగ్రత్తగా వినలేదనడం తర్కం కాదు. పైగా నేను సరిచూసుకోబట్టే తప్పు నమోదైంది. ఎర్రగా కనిపించిన ఆ పేరును పట్టించుకోకుండా వదిలేసి ఉంటే లోపలి పట్టిక సరిగానే ఉండేది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. జాబితాలోని హైలైట్ ఒక వాక్యం. దాని సత్యం మొదట గుర్తింపుపై ఆధారపడుతుంది. అంటే గుర్తు వరుసకు కాక, స్థానానికి కాక, వస్తువుకు చెందాలి. ఆ తర్వాత రూపంపై ఆధారపడుతుంది. తెలుగు అక్షరాన్ని చెదరగొట్టకుండా, రంగు ఒక్కదానినే నమ్ముకోకుండా అది కనిపించాలి. చివరగా మాటపై ఆధారపడుతుంది. కర్తను దాచకుండా అది వినిపించాలి. ఒక యాప్‌ను పరీక్షించదలచినవారు నాలుగు పనులు చేసి చూస్తే చాలు. ఒక వరుసను ఎంచుకుని జాబితాను చివరికంటా జరిపి వెనక్కి రావడం, క్రమాన్ని మార్చడం, వెతుకుపెట్టెతో కుదించి మళ్లీ విప్పడం, ఫోనును అడ్డంగా తిప్పడం. నాలుగింటి తర్వాతా గుర్తు అదే పేరు మీద ఉంటే ఆ యాప్‌ను నమ్మవచ్చు.

ఒకే పద్యం పది ప్రతులలో పది చోట్ల ఉన్నా దానిని ఆ పద్యంగానే పోల్చుకోవడం తెలుగు పరిశోధకులకు అలవడిన విద్య. యాప్‌లను తెలుగులోకి తెచ్చేటప్పుడు పదాల అనువాదం కోసం మాత్రమే భాషాధ్యాపకులను పిలుస్తున్నారు. ఏది ఏదో పోల్చుకునే ఈ విద్య కోసం కూడా పిలిస్తే మేలు. ఆ విద్యార్థిని ఇప్పుడు చదువు ముగించుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం నేటికీ తరగతిలో పేర్లను గొంతెత్తి పిలిచి, జవాబు విన్నాకనే తెరను తాకుతున్నాను.